ఇద్దరూ గెలిచినట్టే అంటే ఒప్పుకోని మనిషి

ఆవిడ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను స్కూలు గ్రౌండ్‌లో పిల్లల చేత కబడ్డీ కోర్టుకి సున్నం గీతలు వేయిస్తున్నాను. ఫోను చేసింది వాళ్ళాయన. "మీ అక్క వెళ్ళిపోయిందమ్మా. పొద్దున్నే గుండెల్లో నొప్పంది. ఒంగోలు తీసుకెళ్ళేలోపే..." అని ఆగిపోయాడు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందొచ్చిన ఆలోచన మాత్రం, ఇందులో కూడా నాకంటే ముందే వెళ్ళిపోయిందే అని. వేరేవాళ్ళు వింటే ఏమనుకుంటారో గానీ ఆవిడ వింటే తప్పుపట్టదు. "మరి? నీకంటే వెనకాల ఉంటానా?" అంటుంది.

పేరు రాయడం లేదు. మా వైపు కబడ్డీ ఆడిన ఆడవాళ్ళకి రాయనక్కర్లేదు, నాలుగు వాక్యాలు చదివితే ఎవరో తెలిసిపోతుంది. మిగతావాళ్ళకి పేరు రాసినా ఒరిగేదేమీ లేదు.

సొంత అక్క కాదు. ఒక జట్టులో ఆడినవాళ్ళం కూడా కాదు. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె, ఆవిడది వినుకొండ వైపు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఆడపిల్లల కబడ్డీ ఎక్కడ పెట్టినా చివరికి మిగిలేది మా రెండు జట్లే. ఆవిడ కూతకొచ్చేది, నేను మూలన నిలబడి కాళ్ళు పట్టేదాన్ని. మా స్నేహం మొత్తం నడి గీతకి చెరో వైపూ నిలబడి చేసిందే.

ఆట మొదలయ్యే ముందు రిఫరీ గోళ్ళు చూస్తాడు కదా. ఆవిడకి రిఫరీ చూపు మీద నమ్మకం లేదు. తనే గీత దాటి మా వైపుకొచ్చి "చేతులు చూపించండే" అనేది. మా డ్రిల్లు మేష్టారు ఉన్నా లెక్కచేసేది కాదు. మేమందరం బుద్ధిగా చేతులు చాపేవాళ్ళం. ఒకసారి నా బొటనవేలి గోరు గరుగ్గా ఉందని నడుముకి దోపుకున్న బ్లేడు ముక్క తీసి తనే చెక్కింది. నాకు దెబ్బ తగలకుండా ఎంత నాజూగ్గా చెక్కిందో ఇప్పటికీ గుర్తుంది.

"గీసుకుంటే నీకు నొప్పా అక్కా?" అన్నాను.

"నొప్పికి కాదే. రక్తం కారితే ఆట ఆపేస్తారు. నేను ముందున్నప్పుడు ఆపేస్తే?"

కూత విషయంలో ఆవిడకి ఒక పిచ్చి ఉండేది. మిరపకాయలు ఎండబోసి, తాలు కాయలు ఏరి, టిక్కీ బస్తాలకెత్తి లారీ ఎక్కించాక కళ్ళంలో ఎర్రటి దుమ్ము మిగులుతుంది. బుద్ధున్నవాళ్ళెవరైనా నీళ్ళు చల్లి, ఊడ్చి, నాలుగు రోజులాగి అందులో అడుగుపెడతారు. ఆవిడ లారీ కదలగానే తన జట్టుని దింపేసేది. పిల్లలకి తుమ్ములు, దగ్గులు, కళ్ళు వాచిపోవడాలు. చెక్కుకుపోయిన మోకాళ్ళ మీద ఆ దుమ్ము పడితే ఎలా ఉంటుందో మా వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. తల్లులు వరసగా ఆవిడ ఇంటి మీదకి పోట్లాటకి వచ్చారట. "ఈ ఘాటులో కూత నిలబడితే ఇంకెక్కడైనా నిలబడుద్దత్తా" అని ఆవిడ వాళ్ళకి నచ్చజెప్పబోయిందట. వాళ్ళకి నచ్చలేదు గానీ మాకు తెలుసు, ఆవిడ కూత తెగడం మేమెప్పుడూ వినలేదు.

మిరపకోతకి వెళ్ళినా అదే వరస. తన సాలు అందరికంటే ముందు అయిపోవాలి. ఆవిడ అలా ఉరుకుతుంటే మిగతావాళ్ళు నడుం ఎత్తకుండా వెంటపడాల్సి వచ్చేది. రైతుకి సంబరం, కూలీలకి చావు. "నువ్వొచ్చే చేలోకి మేం రామమ్మా" అని ఆడవాళ్ళు మొహం మీదే చెప్పేశారు. ఆవిడకి ఆ కోపం ఎందుకో అర్థమయ్యేది కాదు. "వెనకుండేవాళ్ళు వెనకుండొచ్చుగా, నేనేమన్నా రమ్మన్నానా?" అనేది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను కూలీల పక్షమే. ఆవిడ బతికుండగా ఆ మాట చెప్పాను కూడా. రెండు రోజులు ఫోనెత్తలేదు.

ఇక తిరునాళ్ళ సంగతి చెప్పాలి.

ఆ ఏడు తిరునాళ్ళలో పొద్దున ఎద్దుల బండలాగుడు, సాయంత్రం ఆడపిల్లల కబడ్డీ పెట్టారు. ఎద్దుల వయసు పళ్ళతో లెక్కగట్టి రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని మైకులో చెబుతుంటే ఆవిడ మా మధ్యకొచ్చి కూర్చుని "మనల్ని ఏ పళ్ళ విభాగంలో వేశారో కనుక్కోండే" అంది. నవ్వలేక చచ్చాం. ఆట దగ్గరకొచ్చేసరికి ఆ నవ్వులేవీ లేవు. నలుగురికి మోచేతులు చెక్కుకుపోయాయి, ఒకమ్మాయిని మోసుకెళ్ళారు. చివరికి రెండు జట్ల పాయింట్లూ సమానమై ఆగాయి. పొద్దుగూకుతోంది.

కమిటీ పెద్దాయన మైకు తీసుకుని, "అమ్మాయిలూ, చాలా బాగా ఆడారు. పొద్దుపోయింది. ఆడపిల్లలు, మీకు గెలుపోటములేంటమ్మా, ఇద్దరూ గెలిచినట్టే. సర్పంచి గారి భార్య చేతుల మీదుగా అందరికీ జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ ఇస్తారు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా జట్టు కూడా కొట్టింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది, కాళ్ళు లాగేస్తున్నాయి.

ఆవిడ నేరుగా మైకు బల్ల దగ్గరికి నడిచింది.

"ఏవండీ, పొద్దున ఎద్దులు లాగినయ్యి గదా. ఫస్టొచ్చిన జతకీ సెకండొచ్చిన జతకీ తేడా ఎంతండీ?"

"ఎంతో లేదు, అంగుళాలేనమ్మా" అన్నాడాయన సంతోషంగా. ఎద్దుల మాటెత్తితే మా వైపు ఎవరికైనా సంతోషమే.

"ఆ అంగుళాలు టేపు పెట్టి కొలిచారు. ఎర్రటెండలో వంగి మరీ కొలిచారు. ఆ రెండు జతలూ గెలిచినట్టే అని ఎందుకు చెప్పలేదండీ?"

"ఎద్దులూ మీరూ ఒకటేనా అమ్మా?"

"కాదు గనకే అడుగుతున్నా. గెలిచిందో ఓడిందో ఎద్దుకి తెలవకపోయినా పర్లేదు. నాకు తెలవాలి."

మైకు ఆయన చేతిలోనే ఉండటంతో ఆ మాట తిరునాళ్ళంతా వినపడింది. జనంలో నవ్వులు, ఈలలు. ఆవిడ వాటి వైపు చూడలేదు. "ఒక్క కూత. నేనెళ్తా. ఎవరినన్నా ముట్టుకుని గీత దాటొస్తే మాది, పట్టుకుంటే వాళ్ళది" అంది. పెద్దాయన మా కెప్టెన్ వైపు చూశాడు. మా కెప్టెన్ నా వైపు చూసింది. నేను ఎందుకు తలూపానో నాకే తెలియదు. ఆవిడ అలా నిలబడి అడుగుతుంటే వద్దనాలనిపించలేదు.

ఆ కూత వచ్చింది. ఆవిడ కుడివైపు వెళ్తున్నట్టు ఊగి, ఎడమకాలు నా మీదకి చాపింది. నేను నేల మీదకి పడిపోతూ చీలమండ అందుకున్నాను. సన్నటి ఎముక, చెమట, మట్టి. ఆవిడ నన్ను ఈడ్చింది. మిగతావాళ్ళు వచ్చి మీద పడ్డారు. గీతకి ఇవతలే ఆగిపోయింది.

గెలిచాం. ఆవిడ లేచి మట్టి దులుపుకుని నా వైపు గుడ్లురిమి చూసింది. సర్పంచి గారి భార్య జాకెట్టు ముక్క చేతిలో పెట్టబోతే "ఓడిపోయినందుకాండీ?" అని అడిగి, కుంకుమ మాత్రం పెట్టించుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా మా నాన్న టీ కొట్టు దగ్గర నా పట్టు గురించే చెప్పాడు. చదువులో నేను అంతంత మాత్రం. పనిలో మా చెల్లెలికి పేరు, పాటలో మా పిన్ని కూతురికి పేరు. నాకంటూ ఉన్నది ఆ ఒక్క పట్టే. అంతటి మనిషిని నేను ఆపాను అనుకుంటే నడక మారిపోయేది.

తర్వాత తెలిసింది, తిరునాళ్ళకి కొద్ది రోజుల ముందే ఆవిడకి సంబంధం ఖాయమైందని. కథ తిరగబడింది. మా అమ్మ నాకు తల దువ్వుతూ మామూలుగా అనేసింది. "పెళ్ళి పెట్టుకున్న పిల్ల గదే. మొహాన దెబ్బ తగిలితే ఎట్టా అని వదిలేసుంటది. లేకపోతే నీకు చిక్కుద్దా?" టీ కొట్టు దగ్గర కూడా అదే మాట. మా నాన్న చెప్పడం మానేశాడు. ఎవరూ చెడ్డగా అనలేదు, అందరూ ఆవిడని మంచిగానే అన్నారు. నాకు మాత్రం నా చేతిలో ఉన్నదాన్ని లాక్కుని, ఇది నీది కాదు, ఆ అక్క జాలిపడి ఇచ్చింది అన్నట్టయింది. మెల్లగా నాకూ అనుమానం పట్టుకుంది. ఆ కాలు అంత తేలిగ్గా ఎలా అందింది? ఆవిడ పెళ్ళికి నన్ను పిలిచింది. నేను వెళ్ళలేదు.

మరుసటి ఏడు మిరపకాయల కాలంలో ఒక మధ్యాహ్నం మా కళ్ళంలో తాలు ఏరుతున్నాం. నేను, మా అమ్మ, కూలీ ఆడవాళ్ళు, అందరం ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఉన్నాం. కళ్ళం పక్కన మోటారు సైకిలు ఆగింది. వెనక సీటు మీద నుంచి పట్టుచీరలో ఆవిడ దిగింది. నడుపుతున్నది వాళ్ళాయన, పొగాకు పండించే రైతు, ఒద్దికైన మనిషి. ఏదో పెళ్ళికి పోతూ దారి మళ్ళించిందట.

"ఏమే, నేను వదిలేశానంట గదా?" అంది, బాగున్నావా అని కూడా అడక్కుండా.

"నేననలేదక్కా."

"నువ్వనవు. నీకనిపించిందా లేదా, అది చెప్పు."

నేను తల వంచుకుని మళ్ళీ తాలు ఏరడం మొదలుపెట్టాను.

"చూశావా, నీకూ అనిపించింది!" అని కూలీల వైపు తిరిగింది. "మా అత్త ఊరంతా ఇదే చెప్తందమ్మా. మా కోడలు బుద్ధిమంతురాలు, పెళ్ళి కుదరంగానే ఆట వదిలేసుకుందీ, పంతానికి పోకుండా ఓడిపోయిందీ అని. పేరంటానికొచ్చిన ప్రతి మనిషికీ చెప్తంది. ఓడినందుకు మెచ్చుకుంటన్నారే నన్ను! నేను ఊపిరి బిగబట్టి ఈడ్చిన ఈడుపు ఏమైపోయినట్టు?"

అప్పటిదాకా ఆ మాట వల్ల పోయింది నా గెలుపే అనుకున్నాను. ఆవిడ ఓటమి కూడా పోయిందని నాకు తట్టలేదు.

చెప్పుతో కళ్ళంలో గీత గీసింది. గాజులు తీసి భర్త చేతిలో పెట్టింది. సూత్రాల తాడు వీపు మీదకి తిప్పి జాకెట్టులోకి తోసింది. కుచ్చెళ్ళు ఎత్తి గోచీ దోపింది. "కాయలు తొక్కుతారే!" అని మా అమ్మ అరుస్తూనే ఉంది. కూలీలు మాత్రం రాశుల్ని చేటలతో పక్కకి నెట్టి జాగా చేసి పెట్టారు. వాళ్ళాయన నాతో మెల్లగా "పట్టుకోగలిగితే పట్టుకో తల్లీ, ఇంట్లో అన్నం సయించడం లేదు దీనికి" అన్నాడు.

"చేతులు చూపించు" అంది ఆవిడ. గోళ్ళు చూసింది. "సరే."

గీత వెనక్కి వెళ్ళి కూత అందుకుంది. ఓడిపోవడానికి వచ్చిన మనిషి కాదది. కళ్ళల్లో చూస్తేనే తెలుస్తోంది, గెలిచి వెళ్ళాలని వచ్చింది. రెండుసార్లు నన్ను ముట్టుకోబోయింది, తప్పించుకున్నాను. దుమ్ము లేచింది. నా కళ్ళు భగ్గుమన్నాయి, ఏమీ కనపడటం లేదు. ఆవిడ కూత మాత్రం తొణకలేదు, ఆ దుమ్ములో పుట్టినట్టే ఉంది. కూత దగ్గరకొచ్చిన వైపు పడ్డాను. నా చేతికి చీలమండ తగిలింది. అదే ఎముక. ఈసారి మీద పడటానికి ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. కళ్ళు మూసుకుని రెండు చేతులూ బిగించాను. ఆవిడ కళ్ళం మీద నన్ను ఈడ్చుకుంటూ పోయింది, మోచేతులు మండిపోయాయి. పట్టుచీర పర్రున చిరిగింది. జానెడు దూరంలో గీత ఉండగా కూత ఆగింది.

కాసేపు ఇద్దరం అలాగే పడి ఉన్నాం. తర్వాత ఆవిడ లేచి కూర్చుని, ముక్కులు కారుతుండగా ఎలుగెత్తి అరిచింది. "చూశారుగా అందరూ! వదల్లేదు! పట్టింది!" కూలీలు చప్పట్లు కొట్టారు. ఆవిడ ఏడ్చిందనే నా నమ్మకం. ఘాటు వల్ల అని ఆవిడ చివరిదాకా వాదించింది. వాళ్ళాయన పాపం మంచి మనసుతో పరిగెత్తుకొచ్చి భార్య కళ్ళు తుడిచాడు, అంతసేపూ మిరపకాయల టిక్కీ మీద పరుచుకుని కూర్చున్న తువ్వాలుతో. ఆవిడ పెట్టిన కేకలకి పక్క కళ్ళం వాళ్ళు కూడా వచ్చారు.

మా అమ్మ మజ్జిగ తెచ్చింది. తాగి, నా వైపు తిరిగి "నీతో మాట్లాడను" అని బండెక్కింది. నిజంగానే ఏడాది పైగా మాట్లాడలేదు. కానీ ఆ వైపు నుంచి ఎవరొచ్చినా "కాలు పట్టిన పిల్ల నువ్వేనా?" అని అడిగేవాళ్ళు. ఊరూరా చెప్పిందన్నమాట. మా నాన్న మళ్ళీ టీ కొట్టు దగ్గర మొదలుపెట్టాడు.

ఆ కళ్ళంలో ఆటే ఆవిడ ఆఖరి ఆట. అత్తవారింట్లో కబడ్డీ మాట ఎవరూ ఎత్తనివ్వలేదు, ఆవిడా గొడవ పడలేదు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అడిగితే "పొలం, పొగాకు బ్యారన్ పని, పిల్ల, ఎక్కడ కుదురుద్దే" అనేది, ఆ ఒక్కసారే గొంతు తగ్గించి. ఆ పంతమంతా మిగతా వాటిలోకి పోయింది. క్యారమ్స్, ఆవకాయ ముక్కలు కొట్టడం, బస్సులో కిటికీ సీటు. నేను డ్రిల్లు టీచర్నయ్యాక మా జట్టు ఎక్కడ ఓడినా మొదటి ఫోను ఆవిడదే, "ఓడారంట గదా!" అని ఎంత సంబరంగానో. ఈ మధ్య ఇద్దరికీ షుగరొచ్చాక అందులోనూ పోటీ. "పరగడుపున నాది నీకంటే తక్కువే" అని గెలిచినట్టు చెప్పేది. ఎక్కడ ఎవరికి పరిచయం చేసినా మాత్రం నా పేరు చెప్పదు. "నన్ను రెండుసార్లు పట్టింది ఇదే" అంటుంది, భుజం మీద గట్టిగా ఒకటేసి.

పెద్దకర్మ రోజున వెళ్ళాను. వరండాలో కుర్చీలో వాళ్ళ అత్తగారు కూర్చుని ఉంది. బాగా పెద్దదైపోయింది, చూపు సరిగ్గా ఆనడం లేదు. నేనెవరో పక్కనున్నవాళ్ళు చెప్పారు. నా చెయ్యి పట్టుకుని కళ్ళ నీళ్ళతో, "నీకోసం వదిలేసిందమ్మా ఆ రోజు. మా కోడలు బంగారం. పెళ్ళనంగానే వదిలేసుకుంది" అంది. ప్రేమగానే అంది. ఇన్నేళ్ళ తర్వాత, ఆవిడ లేని ఆవిడ ఇంట్లో, మళ్ళీ అదే మాట. చావింట్లో ఒక ముసలావిడతో వాదిస్తానా?

లోపల్నుంచి కూతురు వచ్చింది. ఒంగోల్లో బ్యాంకులో పనిచేస్తోంది, కబడ్డీ ఏనాడూ ఆడలేదు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

"నాయనమ్మా, అమ్మ వదల్లేదు."

"నీకు తెలవదులే తల్లీ."

"నాకు తెలుసు. నేను జొరంతో మంచాన పడుంటే నాతో క్యారమ్స్ ఆడి ఓడగొట్టింది. అన్నేళ్ళలో ఒక్కాట గెలవనివ్వలేదు. కన్న కూతురికి వదల్లేదు, ఈ ఆంటీకి వదుల్తుందా?"

ఆ పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది. "చేతులు చూపించండి ఆంటీ" అంది. నేను చాపాను. తిప్పి చూసింది, గోళ్ళు కూడా చూసింది. ఆ చూపు ఎక్కడిదో నాకు తెలుసు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి ఎడమకాలు ముందుకి చాపింది. "ఎట్టా పట్టారో చూపించండి. నాయనమ్మా, ఇటు చూడు."

నాకు మోకాళ్ళు వంగవు. వాళ్ళ నాన్న కుర్చీ వెయ్యబోయాడు, వద్దన్నాను. గోడ పట్టుకుని గచ్చు మీద కూర్చుని, రెండు చేతులతో ఆ చీలమండ అందుకున్నాను. సన్నటి ఎముక, అదే. ముసలావిడ కుర్చీలోంచి ముందుకి వంగి చూస్తోంది.

ఆ పిల్ల లాగింది. మర్యాదకి లాగుతుందనుకున్నాను. పళ్ళు బిగించి, స్తంభం పట్టుకుని, నేను గచ్చు మీద జరిగిపోయేంత గట్టిగా లాగింది.

నేను వదల్లేదు.